పరమాణువుతో శ్రుతి కలిపిన రాబీ

మన కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని చీకటి గదిని, ఆ గదిలో వెలుగు సోడియం దీపమును ఎరుగని బి.ఎస్సీ. విద్యార్థి ఉండడు. స్పెక్ట్రోమీటరుపై గ్రేటింగును అమర్చి చూచినచో పసుపుపచ్చని గీత ఒకటి కాదు, రెండుగా కనబడును. ఒకటి 589.0 నానోమీటర్లు, రెండవది 589.6. రికార్డు పుస్తకములో ఆ రెండంకెలు వ్రాసి, సంతకము చేయించుకొని మనము బయటపడుదుము. మేమును మా కాలములో అట్లే చేసినవారమే. ఆ గీతలు మరల తమలో తాము చీలియున్నవనియు, ఆ చీలిక సుమారు 0.002 నానోమీటర్లు మాత్రమేననియు, అనగా రెండు పసుపు గీతల నడిమి దూరములో అది మూడువందలవ వంతేననియు మాకు చాల కాలము తరువాత గాని తెలియలేదు.

ఈ చీలికకే అతిసూక్ష్మ నిర్మాణమని పేరు. పరమాణువు నడుమనున్న కేంద్రకము తానొక చిన్న అయస్కాంతము. దాని చుట్టునున్న ఎలక్ట్రాను కూడ అయస్కాంతమే. ఈ రెండును ఒకే దిక్కునకు తిరిగియున్నపుడు పరమాణువునకు ఒక శక్తి, ఎదురెదురుగా నున్నపుడు మరొక శక్తి. ఆ స్వల్ప భేదమే గీతలో చీలికయై కనబడుచున్నది. కేంద్రకపు అయస్కాంత బలము ఎలక్ట్రాను బలములో ఇంచుమించు వేయవ వంతు గనుక చీలిక అంత సన్ననిది. దానిని కంటితో చూచి కొలుచుటకు ఎన్నో ఏండ్లు పెద్దలు శ్రమించినారు. చూచుట మాని, దానితో శ్రుతి కలుపవచ్చునని చేసి చూపినవారు ఇసిడార్ ఐజాక్ రాబీ. ఆయన జీవితమును ఈ సంచికలో మన విద్యార్థులకు పరిచయము చేయదలచినాము.

రాబీ 1898వ సంవత్సరము జూలై 29న, ఆనాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమునకు చెందిన గలీషియా ప్రాంతమున, రిమనూవ్ అను చిన్న పట్టణములో ఒక పేద యూదు కుటుంబమున జన్మించినారు. నేడు ఆ ఊరు పోలండు దేశములోనున్నది. తండ్రి బ్రతుకుతెరువు కొరకు ముందుగా అమెరికాకు పోయి, 1899లో భార్యను, పసిబిడ్డను అక్కడికి పిలిపించుకొన్నాడు. న్యూయార్కు నగరములో వలసజనులు క్రిక్కిరిసియుండు లోయర్ ఈస్ట్ సైడ్ అను పేటలో వారి కాపురము. తండ్రి బట్టలు కుట్టు పని చేసేవాడు. తరువాత బ్రూక్లిన్‌కు మారి ఒక చిన్న కిరాణా దుకాణము పెట్టుకొన్నాడు. ఇంట మాటలాడునది యిడ్డిష్ భాష, బడిలో చెప్పునది ఇంగ్లీషు. ఇంట నొక భాషతో, తరగతిలో మరొక భాషతో పెరిగిన మన విద్యార్థులకు ఈ స్థితిని మేము వివరింప నక్కరలేదు. ఆ బాలునికి పెట్టిన పేరు ఇజ్రాయెల్. బడిలో చేర్చునపుడు తల్లి ఇంటి ముద్దుపేరు చెప్పగా, బడివారు దానిని ఇసిడార్ అని వ్రాసికొన్నారు. ఆ పేరే నిలిచిపోయినది.

పేటలోని గ్రంథాలయములో ఖగోళశాస్త్రపు చిన్న పుస్తకమొకటి ఆ బాలుని చేతికి చిక్కినది. ఋతువులు ఎట్లు మారునో, చంద్రుడు ఎట్లు పెరిగి తరుగునో అందులో చదివి ఆశ్చర్యపోయినాడు. భక్తిపరులైన తల్లిదండ్రులకు తరువాత అతడడిగిన ప్రశ్నలు కొంత ఇబ్బందినే కలిగించియుండును. అయినను వారు నోరు మూయించలేదు. తల్లి మాత్రము, బడినుండి వచ్చిన కుమారుని ఈ దినము ఏమి నేర్చుకొంటివని గాక, మంచి ప్రశ్న ఏదైన అడిగితివా యని ప్రశ్నించేదని రాబీ పెద్దవారైన పిదప పలుమార్లు తలచుకొన్నారు. పదమూడవ ఏట జరుగు మత సంస్కారము నాడు బంధువుల యెదుట ప్రసంగింపవలసి రాగా, ఆ పిల్లవాడు విద్యుద్దీపము ఎట్లు వెలుగునో యిడ్డిష్ భాషలో వివరించినాడట! రేడియో పరికరములను స్వయముగా కట్టుకొనుట కూడ ఆ వయసులోనే అలవడినది. ఈ రేడియో సంగతి జ్ఞాపకముంచుకొనవలెనని పాఠకులను కోరుచున్నాము.

1919లో కార్నెల్ విశ్వవిద్యాలయమునుండి రసాయనశాస్త్రములో పట్టము పుచ్చుకొన్న తరువాత మూడేండ్లు ఆయనకు సరియైన దారి దొరకలేదు. ఆనాటి అమెరికాలో యూదులకు రసాయన పరిశ్రమలలో గాని విశ్వవిద్యాలయములలో గాని ఉద్యోగము లభించుట దుర్లభము. కొన్నాళ్ళు ఒక ప్రయోగశాలలోను, కొన్నాళ్ళు లెక్కల గుమాస్తాగాను పనిచేసినారు. పట్టభద్రుడైన కుమారుడు ఇంట కూర్చున్నచో ఆ ఇంటి వాతావరణ మెట్లుండునో మన కుటుంబములలో తెలియనిది కాదు. 1922లో మరల కార్నెల్‌కు పోయి, తనకు రసాయనశాస్త్రములో నచ్చిన భాగమునకు భౌతికశాస్త్రమని పేరున్నదని గ్రహించి, మరుసటి ఏడు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు మారినారు. ఆ మార్పునకు హెలెన్ న్యూమార్క్ అను విద్యార్థిని ఆ నగరమున చదువుకొనుచుండుట కూడ ఒక కారణము. పొట్ట గడచుటకు సిటీ కాలేజీలో పాఠములు చెప్పుచు పరిశోధన సాగించినారు.

ఆ పరిశోధనను గూర్చి కొంత వివరముగా చెప్పవలెను. ఏలననగా ఆయన జీవితమంతయు చేసిన పనికి బీజము అందులోనే కలదని మా అభిప్రాయము. టటన్ లవణములను స్ఫటికములు అయస్కాంతమునకు ఎంతవరకు లోబడునో కొలువవలెను. అందరును చేయు పద్ధతిలో స్ఫటికమును జాగ్రత్తగా కోసి, సానబట్టి, క్షేత్రములో వ్రేలాడదీసి, దానిపై పనిచేయు బలమును కొలువవలసియుండును. అది నెలల తరబడి సాగు విసుగు పని. రాబీ మాక్స్‌వెల్ మహాశయుని గ్రంథమును చదువుచుండగా వేరొక ఉపాయము తోచినది. స్ఫటికమును ఒక లవణ ద్రావణములో ముంచి అయస్కాంత ధ్రువముల నడుమ నుంచినారు. ద్రావణముకంటె స్ఫటికము అయస్కాంత గుణములో బలమైనదైనచో ఒక ప్రక్కకు కదలును, బలహీనమైనదైనచో మరొక ప్రక్కకు. ద్రావణపు గాఢతను క్రమముగా మార్చుచు పోగా ఒకచోట స్ఫటికము కదలక నిలిచిపోవును. అప్పుడు రెండింటి గుణము సమానము. ఇక స్ఫటికముతో పనిలేదు, ద్రావణమును కొలిచిన చాలును. బలమును కొలుచుట కాదు, సమత్వమును కనిపెట్టుట! 1926 జూలై 16న ఆ సిద్ధాంత వ్యాసమును సమర్పించి, మరునాడే హెలెన్‌ను వివాహమాడినారు.

ఆ వ్యాసమును అమెరికాలో పట్టించుకొన్నవారు లేరు. పట్టించుకొన్న కొలదిమందిలో ఒకరు మన దేశమువారు. 1928లో రామన్ ఫలితము కనుగొనబడినపుడు రామన్ మహాశయునికి కుడిభుజమై నిలిచిన కె. ఎస్. కృష్ణన్ దానిని చదివి, ఆ పద్ధతిని తన స్ఫటిక పరిశోధనలలో వాడినారు.

1927లో విద్యార్థివేతనముపై రాబీ ఐరోపాకు వెళ్ళినారు. కొత్త క్వాంటం సిద్ధాంతము అప్పుడప్పుడే రూపుదిద్దుకొనుచున్న రోజులవి. సోమర్‌ఫెల్డ్, బోర్, పౌలీ, హైసెన్‌బర్గ్ మున్నగువారి చెంత సిద్ధాంతము నేర్చుకొనవలెనని ఆయన తలంపు. కాని హాంబర్గులో ఆటో స్టెర్న్ ప్రయోగశాల ఆయన నాకర్షించినది. స్టెర్న్, గెర్లాక్ 1922లో వెండి పరమాణువుల పుంజమును వంకర క్షేత్రముగుండ పంపగా అది రెండుగా చీలిన సంగతి మన పాఠ్యపుస్తకములలో కలదు. రాబీ అచటి ప్రయోగములను చూచి, ఏకరీతి క్షేత్రములోనికి పుంజమును ఏటవాలుగా పంపినచో, పట్టకములో కాంతి వంగినట్లు అదియు వంగునని సూచించినారు. అయితే ఆ పని నీవే చేయుమని స్టెర్న్ ఆయనను ప్రయోగశాలలోనికి దింపినాడు. సిద్ధాంతము కొరకు పోయినవాడు పుంజములు పట్టుకొని తిరిగివచ్చినాడన్నమాట.

1929లో హైసెన్‌బర్గ్ సిఫారసుపై కొలంబియాలోనే అధ్యాపక పదవి లభించినది. ఒక యూదునికి అట్టి పదవి దక్కుట అచట ఆనాడు అరుదు. పాఠము చెప్పుటలో మాత్రము ఆయన ఏమంత నేర్పరి కాడని శిష్యులే చెప్పుకొనేవారు. (ఈ వాక్యమును మా సహాధ్యాపకులు ఊరటగా తీసికొనకుందురు గాక.) అయితే పరిశోధకులను ఏరుకొనుటలో ఆయనకు సాటిలేదు. సిటీ కాలేజీలో తరగతులకు పోక, మార్కులు రాక దారితప్పియున్న జూలియన్ ష్వింగర్ అను పదునేడేండ్ల కుర్రవానిలోని ప్రతిభను ఒక్క సంభాషణలో గుర్తించి, కొలంబియాకు రప్పించినవారు రాబీయే. ఆ కుర్రవాడు ఈ కథలో మరల వచ్చును.

1931లో గ్రెగరీ బ్రైట్‌తో కలసి రాబీ ఒక సూత్రమును ప్రకటించినారు. బయటి అయస్కాంత క్షేత్రమును క్రమముగా పెంచుచు పోయినచో అతిసూక్ష్మ స్థాయులు ఎట్లు విడిపోవునో ఆ సూత్రము తెలుపును. క్షేత్రము స్వల్పమైనపుడు కేంద్రకము, ఎలక్ట్రాను చేతులు కలుపుకొని ఒకే జంటగా తిరుగును. క్షేత్రము బలపడినపుడు ఆ పట్టు సడలి దేని దారి దానిదగును. ఈ నడిమి దశను అదుపులో నుంచుకొన్నచో పుంజము నుండి కేంద్రకపు రహస్యమును రాబట్టవచ్చును. 1933లో విక్టర్ కోహెన్‌తో కలసి సోడియం పరమాణు పుంజమును ఇట్లు పరీక్షింపగా అది నాలుగు పాయలుగా విడిపోయినది. సోడియం కేంద్రకపు స్పిన్ మూడు సగములని తేలినది. మన చీకటి గదిలోని పసుపు దీపమును వెలిగించు ఆ పరమాణువు గర్భములోని సంఖ్యయే ఇది. పైకమునకు ఇబ్బందిగానున్న ఆ రోజులలో, భారజలజని కనుగొని 1934లో నోబెల్ బహుమతి పొందిన హెరాల్డ్ యూరీ తనకు వచ్చిన పరిశోధన ద్రవ్యములో సగము రాబీకి ఇచ్చివేసినాడు. శాస్త్రజ్ఞుల నడుమ ఇట్టి ఔదార్యము మేము తరచు విన్నది కాదు.

ఇంతవరకు చెప్పినదంతయు పుంజము ఎంత దూరము వంగినదో కొలుచుటపై ఆధారపడినది. స్టెర్న్ మహాశయుడు 1933లో ప్రోటాను అయస్కాంత భ్రామకమును ఈ విధముగనే కొలిచి, అది సిద్ధాంతము చెప్పినదానికి రెండున్నర రెట్లున్నదని చూపి అందరిని నివ్వెరపరచినాడు. కాని వంపును కొలుచుటలో కొంత తప్పు తప్పదు. క్షేత్రపు వంకరను, పరమాణువుల వేగమును సరిగా తెలిసికొనుట కష్టము. రాబీ వేరొక మార్గమును వెదకుచుండిరి.

సితారును ఎరిగినవారికి ఆ మార్గమును తెలుపుట సులభము. మీటు తీగల క్రింద తరబ్ తీగలని మరి కొన్ని ఉండును. వాటినెవరును తాకరు. పై తీగలో పలికిన స్వరము వాటి స్వరముతో సరిపోయినపుడు మాత్రమే అవి తమంతట మ్రోగును. కొంచెము తప్పినను మూగవై ఉండును. ఇదియే అనునాదము. అయస్కాంత క్షేత్రములోనున్న కేంద్రకము బొంగరము వలె తల త్రిప్పుచుండును. సెకనునకు ఎన్నిమార్లు త్రిప్పునో ఆ లెక్క దాని భ్రామకమును బట్టియు, క్షేత్రబలమును బట్టియు ఉండును. ఒక టెస్లా క్షేత్రములో ప్రోటాను సెకనునకు సుమారు 4 కోట్ల 26 లక్షల మార్లు తిరుగును. అది రేడియో తరంగముల పౌనఃపున్యము! అదే పౌనఃపున్యముగల చిన్న డోలన క్షేత్రమును అడ్డముగా ప్రయోగించినచో కేంద్రకము ఒక స్థాయినుండి మరొక స్థాయికి దొరలును. రెండు స్థాయుల నడిమి శక్తిభేదము ప్లాంక్ స్థిరాంకమును పౌనఃపున్యముతో గుణించిన లబ్ధమునకు సమానము కావలెను. అనునాద నియమ మింతే.

1937లో రాబీ ఈ దొరలుటకు గణితమును సిద్ధపరచినారు. ఆ సెప్టెంబరులో హాలండు దేశస్థుడైన గోర్టర్ కొలంబియాకు వచ్చి, డోలన క్షేత్రముతో ఘనపదార్థములలో తాను చేసి విఫలమైన ప్రయత్నమును వివరించినాడు. వెంటనే రాబీ బృందము పరికరమును మార్చినది. మూడు అయస్కాంతములు వరుసగా నుండును. మొదటిది పుంజమును ఒక ప్రక్కకు వంచును. మూడవది అంతే మొత్తము తిరిగి వంచి సన్నని బిందువునకు చేర్చును. నడిమి అయస్కాంతపు క్షేత్రము ఏకరీతిగా నుండును, అందులో రేడియో తరంగము ప్రసరించును. శ్రుతి కలియనంతవరకు అణువులన్నియు గురి తప్పక చివరనున్న వేడి టంగ్‌స్టన్ తీగపై పడుచుండును. శ్రుతి కలిసిన క్షణమున కేంద్రకములు దొరలి, మూడవ అయస్కాంతము వాటిని సరిదిద్దలేక, అవి దారితప్పును. తీగపై పడు పుంజము చటుక్కున తగ్గును. లిథియం క్లోరైడు అణువులతో ఈ లోయ వంటి వక్రరేఖ లభించినది. రాబీ, జకారియాస్, మిల్‌మన్, కుష్ 1938 ఆరంభమున దానిని ప్రకటించినారు. గోర్టర్ మేలును తమ రచనలో మరువక చెప్పినారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆ లవణ ద్రావణములోని స్ఫటికమును తలచుకొందురు గాక. అచట సమమైనపుడు స్ఫటికము నిలిచినది, ఇచట సమమైనపుడు పుంజము తప్పినది. వంపు ఎంతయో తెలియనక్కరలేదు, అణువు వేగమెంతయో తెలియనక్కరలేదు. పౌనఃపున్యము తెలిసిన చాలును. అంకెలలో మానవుడు మిక్కిలి నిక్కముగా కొలువగలిగినది పౌనఃపున్యమునే గదా. ప్రోటాను భ్రామకము 2.79 అని స్థిరపడినది.

1939లో అదే పద్ధతితో డ్యూటెరాను గుండ్రముగా లేదనియు, కొంత సాగియున్నదనియు తేలినది. కేంద్రకపు ఈ చతుర్ధ్రువ గుణము ఆధారముగా వెలసిన అనునాద శాస్త్రమును తరువాతి కాలమున వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయములో పెంపొందించినవారు ఆచార్య కృష్ణారావు రంగధామరావు గారు. ఆయనయు రాబీ పుట్టిన 1898లోనే, ఆరు వారములు వెనుకగా, బరంపురములో జన్మించుట మాకు ముచ్చటగా తోచినది.

1944 నోబెల్ బహుమతి రాబీకి లభించినది. అప్పటికి ఆయన ప్రయోగశాల మూతపడి నాలుగేండ్లు కావచ్చినది. యుద్ధము వచ్చి అందరిని రాడార్ పనికి మళ్ళించినది. అణుబాంబు నిర్మాణములో ఉపనిర్దేశక పదవి నిచ్చెదమని ఓపెన్‌హైమర్ పిలిచినను రాబీ అంగీకరింపలేదు. మూడు శతాబ్దముల భౌతికశాస్త్రము ఒక మారణాయుధముగా ముగియుట ఆయనకు రుచింపలేదు. అయినను సలహాదారుగా లాస్ అలమాస్‌కు పోవుచు వచ్చుచునే ఉండిరి. 1945 జూలై 16 నాటి పరీక్షను కనులార చూచిరి. ఆ పనితో తనకు సంబంధము లేదని చెప్పుకొనదగినవారు కారాయన. ఈ విషయమున ఆయనను నిష్కళంకునిగా చూపుట మా ఉద్దేశము కాదు. కాని 1949లో హైడ్రోజన్ బాంబు ప్రశ్న వచ్చినపుడు ఫెర్మీతో కలసి దానిని నీతిబాహ్యమని వ్రాసి ఎదిరించినారు. 1954లో ఓపెన్‌హైమర్‌ను దేశభక్తి విషయమున విచారణకు నిలిపినపుడు, తన పదవిని లెక్కింపక అతని పక్షమున గట్టిగా సాక్ష్యమిచ్చినారు. ఆనాడు మౌనముగా నున్నవారు చాలమంది.

యుద్ధము ముగిసిన వెంటనే నేఫ్, నెల్సన్ అనువారితో కలసి అన్నిటికంటె సరళమైన హైడ్రోజన్ పరమాణువుపై మరల చూపు నిలిపినారు. దాని అతిసూక్ష్మ చీలిక 1420 మెగాహెర్ట్జుల ప్రాంతము. 1947లో కొలిచిన విలువకు, సిద్ధాంతపు విలువకు వేయింటికి రెండు మూడు పాళ్ళ భేదము వచ్చినది. ఇంత చిన్న భేదమును ఇంకొకరైనచో పరికరము దోషమని త్రోసిపుచ్చియుందురు. కాని పౌనఃపున్యముతో కొలిచినపుడు అంత దోషమునకు తావులేదు. ఎలక్ట్రాను అయస్కాంత భ్రామకమే అనుకొన్నదానికంటె కొంచెము ఎక్కువగా నున్నదని తేలినది. ఆ ఎక్కువ 0.00116 అని లెక్కకట్టి చూపినవాడు, మార్కులు రాని ఆనాటి కుర్రవాడు ష్వింగరే. ఆ పనికి దారితీసిన సిద్ధాంతమునకు ఆయనకు 1965లో నోబెల్ బహుమతి భాగము దక్కినది. దానిని ప్రయోగమున సూక్ష్మముగా కొలిచిన కుష్‌కు అంతకు ముందే, 1955లో లభించినది.

ఆ హైడ్రోజన్ చీలిక తరంగమునే 1951లో ఆకాశమునుండి వచ్చుచుండగా పట్టినారు, దాని పొడవు 21 సెంటీమీటర్లు. పరమాణువుల అనునాదముతో గడియారము చేయవచ్చునని రాబీ 1945లో ఒక ఉపన్యాసములో సూచించియుండిరి. 1967లో సెకను అనగా సీజియం పరమాణువు అతిసూక్ష్మ స్థాయుల నడుమ 919,26,31,770 డోలనముల కాలమని లోకమంతయు ఒప్పుకొన్నది. మన చేతి గడియారములు సరిచూచుకొనునది అంతిమముగా దానితోనే. ఇవిగాక, యుద్ధముచే చితికిపోయిన ఐరోపా దేశములు కలసి ఒక ప్రయోగశాల పెట్టుకొనవలెనని 1950లో యునెస్కో సభలో ప్రతిపాదించినవారును ఆయనయే. జెనీవా చెంతనున్న సెర్న్ అట్లు మొలకెత్తినది.

1967లో ఆయన కొలంబియానుండి విరమించినారు. ఇరువది ఏండ్ల తరువాత చివరి జబ్బులో వైద్యులు ఆయనను ఒక గొట్టము వంటి యంత్రములో పరుండబెట్టి దేహములోపలి చిత్రములు తీసినారు. దేహములోని నీటియందలి ప్రోటానులను అయస్కాంత క్షేత్రములో నిలిపి, రేడియో తరంగముతో దొరలించి, అవి పలుకు శ్రుతిని వినుటయే ఆ యంత్రము పని. దాని నున్నని లోహపు గోడలో తన ముఖమే ప్రతిబింబించుట ఆయన చూచినారు. తన పని ఇంతవరకు వచ్చునని ఎన్నడును ఊహింపలేదని అటుపిమ్మట చెప్పుకొన్నారు. 1988 జనవరి 11న న్యూయార్కులో కన్నుమూసినారు. డ్యూటెరాను పరిశోధనలో పాల్గొన్న శిష్యుడు నార్మన్ రాంసేకు, గురువు పుంజములో డోలన క్షేత్రమును రెండు చోట్లకు విడదీసినందుకు, మరుసటి ఏడు నోబెల్ బహుమతి వచ్చినది.